విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ: అమ్మ పోయాక ఈ మూడూ నాకు అర్థం కావడం లేదు

చిన్న కూతురు:

అందరికీ వందనాలు. చాలా కాలంగా ఇక్కడ చదువుతున్నానే గానీ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. 14 నెలలు మంచం మీదే ఉంది. ఏడు నెలల క్రితం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. చూసుకున్నది నేనే. అన్నయ్య దూరంగా ఉంటాడు. డబ్బు పంపేవాడు, మూడుసార్లు వచ్చి వెళ్లాడు. ఫోన్ చేసినప్పుడల్లా "నువ్వున్నావుగా, నాకదే ధైర్యం" అనేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతోంది.

నాకు మూడు ప్రశ్నలున్నాయి. మొదటి కొరింథీయులకు 13:13 చిన్నప్పుడు కంఠతా పట్టిందే: "కాగా విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును; వీటిలో శ్రేష్ఠమైనది ప్రేమయే." నాలో ఈ మూడింట్లో ఒక్కటైనా నిలిచిందా అన్నదే నా బాధ.

విశ్వాసం సంగతి. మొదటి నెలలో మా సంఘం నుంచి ప్రార్థన బృందం వచ్చింది. అందులో ఒక పెద్దాయన అమ్మ తల మీద చెయ్యి పెట్టి, నెల తిరక్కుండా లేచి నడుస్తుందని గట్టిగా ప్రకటించారు. అందరం ఆమేన్ అన్నాం. నేను నిజంగానే నమ్మాను. అమ్మ చెప్పులు తుడిచి మంచం పక్కనే పెట్టాను, లేవగానే వేసుకుంటుందని. ఆ చెప్పులు 14 నెలలు అక్కడే ఉన్నాయి. ఆర్నెల్లకు అదే పెద్దాయన మళ్లీ వచ్చినప్పుడు, "ఈ ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉందమ్మా" అన్నారు. అమ్మకు మాట రాదు గానీ అన్నీ అర్థమయ్యేవి. ఆమె ముందే అన్నారు. ఆ రాత్రి ఆమె ఎడమ కంట్లోంచి నీళ్లు కారి చెవిలోకి పోతుంటే తుడిచాను. అవిశ్వాసం నాదేనా? నేను ఇంకాస్త గట్టిగా నమ్మి ఉంటే అమ్మ బతికేదా?

ఇక నిరీక్షణ. అమ్మ పోయాక ఎదురుచూడ్డానికి నాకేం మిగిలిందో తెలియడం లేదు. పరలోకంలో కలుస్తాం అని అందరూ ఓదారుస్తారు. నేనూ నమ్ముతాను. కానీ ఆ మాట రాత్రి రెండింటికి నాకేమీ సాయం చెయ్యడం లేదు.

ప్రేమ గురించి రాయాలంటే సిగ్గుగా ఉంది. అమ్మను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ఫోన్‌లో పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి అలారాలు పెట్టుకునేదాన్ని. పదో నెలలో ఒక రాత్రి, తిప్పి పడుకోబెట్టిన పది నిమిషాలకే మళ్లీ మూలిగింది. నేను అరిచాను. "ఒక్క గంట పడుకోనివ్వమ్మా, చచ్చిపోతున్నాను" అన్నాను. అమ్మ ఎడమ చెయ్యి చాచి నా మోచేతి మీద పెట్టింది. తనే నన్ను ఓదారుస్తున్నట్టు. నాకు ఏం చెయ్యాలో తోచక పరలోక ప్రార్థన, యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థన, మొదలుపెట్టాను. అప్పుడు ఒక వింత జరిగింది. దాహమైతే "నీళ్లు" అని అడగలేని మనిషి "నీ రాజ్యము వచ్చుగాక" దగ్గర నాతో కలిసి పలికింది. ఆ తరవాత రోజూ అంతే. ప్రార్థన పలికేది, మామూలు మాట ఒక్కటీ వచ్చేది కాదు.

అందరూ నన్ను "ఎంత ప్రేమగా చూసుకున్నావమ్మా" అంటారు. నాకు మాత్రం ఆ అరుపే వినిపిస్తుంది. చాలా రోజులు నేను చేసింది ప్రేమతో కాదు, చెయ్యక తప్పక. దాన్ని ప్రేమ అనొచ్చా?

తెలిసినవాళ్లు చెప్పండి. ఊరడింపు కోసం కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.


అగ్నిస్తంభం:

ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. మీ బాధ అర్థమైంది. కానీ వాక్యాన్ని మనం మార్చలేం కదా. యాకోబు 5:15, "విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును" అని స్పష్టంగా ఉంది. దేవుడు అబద్ధమాడడు. కాబట్టి లోపం ఎప్పుడూ మన వైపే ఉంటుంది. ఆ పెద్దాయన కఠినంగా చెప్పి ఉండొచ్చు గానీ చెప్పింది వాక్యమే. మీరు మిమ్మల్ని పరీక్షించుకోండి, విశ్వాసంలో బలపడండి. ప్రార్థిస్తాను.


సండే స్కూల్ మాస్టారు:

అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు పైన సహోదరుడు ఎత్తిన వచనం సంగతి చూద్దాం. అది సగమే చదివితే మనుషుల్ని చంపుతుంది.

బ్రదర్, 15కి ముందు 14 ఉంది. రోగి ఏం చెయ్యాలని యాకోబు రాశాడు? సంఘపు పెద్దలను పిలిపించుకోవాలి, అంతే. ప్రార్థన చెయ్యవలసినవాళ్లు, నూనె రాయవలసినవాళ్లు పెద్దలు. అక్కడ విశ్వాససహితమైన ప్రార్థన పెద్దలది, మంచంలో ఉన్న మనిషిది కాదు. లోపం వెతకాలనే పట్టుదల ఉంటే, ఆ వచనం ప్రకారం ముందు చేతులుంచిన పెద్దాయన తన విశ్వాసాన్ని వెతుక్కోవాలి. నేను ఆ పని కూడా చెయ్యమనడం లేదు. ఆ వచనం అక్కడితో ఆగదు, "ప్రభువు అతని లేపును" అని ఉంటుంది. ఆ "లేపును" అన్నచోట మూలభాష గ్రీకులో ఉన్న క్రియనే క్రీస్తును మృతులలోనుండి లేపినప్పుడు కూడా వాడారు. ఈ మంచం మీద నుంచి లేపుతాడా, సమాధిలోంచి లేపుతాడా అన్నది ఆయన చేతిలో ఉంది. నెల గడువు పెట్టే అధికారం మనకెవరిచ్చారు?

ఇప్పుడు నీతో మాట్లాడతానమ్మా. హెబ్రీయులకు 11వ అధ్యాయం తియ్యి. దాన్ని అందరూ విశ్వాసవీరుల పట్టిక అంటారు. 34లో విశ్వాసం వల్ల కొందరు ఖడ్గధారను తప్పించుకున్నారు. 37లో కొందరు ఖడ్గంతో చంపబడ్డారు. మధ్యలో మూడు వచనాల దూరం కూడా లేదు. కత్తి తప్పినవాళ్లకు ఎక్కువ విశ్వాసం, కత్తికి బలైనవాళ్లకు తక్కువ విశ్వాసం అని అక్కడ రాశారా? ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి, "వీరందరు తమ విశ్వాసముద్వారా సాక్ష్యము పొందినవారు" అన్నాడు. నేను నలభై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. మొదటి ఇరవై ఏళ్లు నేను 34 దగ్గరే ఆపేసేవాణ్ణి. మా పెద్దబ్బాయి చనిపోయిన తరవాతే 37 నా కళ్లకు కనబడింది.

నువ్వు కంఠతా పట్టిన ఆ కొరింథీయుల పత్రిక రాసిన పౌలు సంగతి చూడు. తన శరీరంలో ముల్లులాంటి బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీసెయ్యలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. త్రోఫిము అనే తోటి పనివాడికి జబ్బు చేస్తే మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. విడిచి వచ్చాను అన్నాడే గానీ అతని విశ్వాసం చాలలేదు అనలేదు. గుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఎవడు పాపం చేశాడని అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అని ప్రభువే చెప్పాడు. ఆ పెద్దాయన మీ ఇంట్లో అడిగింది శిష్యులడిగిన ఆ పాత ప్రశ్నే. దానికి జవాబు ఎప్పుడో వచ్చేసింది.

ఇంకొకటి. కప్పు విప్పి నలుగురు దింపిన పక్షవాతరోగి కథ మార్కు 2లో ఉంది. యేసు ఎవరి విశ్వాసం చూశాడు? "వారి విశ్వాసము చూచి" అని ఉంది, మోసుకొచ్చినవాళ్లతో కలిపి. విశ్వాసం అంటే గుండెలో ఎంత గట్టిగా అనుకున్నాం అని కాదమ్మా. ఎవరి దగ్గరికి మోసుకెళ్లాం అనేది. నువ్వు 14 నెలలు మోశావు. నీ తల్లిని ఆయన ముందే దింపావు. ఆ చెప్పులు అక్కడ పెట్టడం తప్పు కాదు, సిగ్గుపడకు. తప్పు నెల రోజులని గడువు చెప్పిన నోటిది.

నిరీక్షణ గురించి అడిగావు. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. గ్రీకులో ఎల్పిస్ అన్నదానికి మన తెలుగు బైబిలువాళ్లు ఇక్కడ "ఆశ" అని పెట్టలేదు. ఆశ అన్న మాట మన బైబిల్లో ఎక్కడ కనిపిస్తుందో చూడు, "శరీరాశయు నేత్రాశయు జీవపుడంబమును" అని యోహాను పత్రికలో. ఆశ ఒక వస్తువు మీదికి పోతుంది, దొరక్కపోతే విరుగుతుంది. నిరీక్షణ అంటే మామూలు తెలుగులో ఎదురుచూపు. ఎదురుచూపు మనిషి కోసం. వస్తానన్న మనిషి ఆలస్యమైతే గుమ్మంలో నిలబడతాం, అటూ ఇటూ తిరుగుతాం, కోపం కూడా తెచ్చుకుంటాం. కానీ తలుపు గడియ వెయ్యం. నీ తల్లి నడుస్తుందన్నది నీ ఆశ. అది విరిగింది, నిజం, ఏడువు. ఆయన వస్తాడన్నది నిరీక్షణ. అది విరగడానికి ఇంకా సమయం రాలేదు.

రోమా 8:25 చూడు: "మనము చూడనిదాని కొరకు నిరీక్షించినయెడల ఓపికతో దానికొరకు కనిపెట్టుదుము." కనిపెట్టడం! మనవాళ్లు రోగిని కనిపెట్టుకుని ఉండడం అంటారే, అదే మాట. నువ్వు రాత్రి రెండింటికి, నాలుగింటికి లేచి చేసిన పనికి తెలుగులో ఉన్న పేరే, దేవుని కోసం ఎదురుచూడ్డానికి కూడా ఉంది. నిరీక్షణ అంటే ఏమిటో నువ్వు నన్నడుగుతున్నావు. 14 నెలలు ఆ పనే చేశావు కదమ్మా.


నైట్ డ్యూటీ:

అక్కా, నేను నర్సుని. మంచం పట్టిన వాళ్ల వార్డులో తొమ్మిదేళ్లు చేశాను. వాక్యం మాస్టారు చెప్పారు, నేను మంచం గురించి చెబుతాను. ముందు ఒక్కటి అడగాలి: అమ్మగారికి వీపు కింద గానీ, తుంటి దగ్గర గానీ, మడమల దగ్గర గానీ పుండ్లు పడ్డాయా?


చిన్న కూతురు:

లేదు చెల్లీ. నాలుగో నెలలో ఒకసారి ఎడమ మడమ ఎర్రబడింది. వేలితో నొక్కితే తెల్లబడకుండా ఎర్రగానే ఉంది. భయమేసి కాలి పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేట్టు చేశాను. నాలుగైదు రోజులకు తగ్గింది. అంతే.


నైట్ డ్యూటీ:

అక్కా, మీరిప్పుడు రాసినది చదివి నేను డ్యూటీ గదిలో కూర్చుని ఏడ్చాను.

కదల్లేని మనిషికి 14 నెలల్లో పుండు పడకపోవడం అంటే ఏమిటో మాకు తెలుసు. ఒళ్లు ఒకే చోట ఆనుకుని ఉంటే ఎముక ఉన్నచోట చర్మానికి రక్తం అందదు, కొన్ని గంటల్లోనే లోపల చెడడం మొదలవుతుంది. ముగ్గురు షిఫ్టులు మారుతూ చేసినా మా దగ్గరే కొందరికి పడతాయి. నొక్కితే తెల్లబడని ఎరుపు మొదటి గుర్తు అని మాకు క్లాసులో నేర్పారు. మీకు ఎవరూ నేర్పకుండానే అది మీ కంటికి కనబడింది. అంటే రోజూ ఆ మడమలు చూస్తున్నారు. రాత్రిపూట, నిద్రమత్తులో, చిరాకులో కూడా చూస్తున్నారు.

ఆ రోజుల్లో చాలావరకు ప్రేమగా అనిపించలేదు, చెయ్యక తప్పక చేశానన్నారు. అనిపించదు అక్కా. ఎవరికీ అనిపించదు. మీరు చెప్పిన కొరింథీయుల పత్రిక 13వ అధ్యాయంలో 4 నుంచి 7 వరకు ప్రేమ గురించి పౌలు రాసినవన్నీ గ్రీకులో క్రియలేనట, 15 క్రియలు. సహించును, దయ చూపించును, తాళుకొనును, ఓర్చును. ప్రేమ మధురంగా ఉండును అని ఒక్కచోటా లేదు. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక మొదట్లో ఈ మూడింటి పక్కన పౌలు ఒక్కో మాట పెట్టాడు: విశ్వాసముతో కూడిన పని, ప్రేమతో కూడిన ప్రయాసము, నిరీక్షణతో కూడిన ఓర్పు. చూడండి, ప్రేమ పక్కనే ప్రయాస పెట్టాడు. ఒళ్లు అలిసిపోయేదాకా చేసే పనికి వాడే మాట అది. అలసట ప్రేమకు వ్యతిరేకం అని ఎవరు చెప్పారు మీకు? నాకైతే అలసటే రుజువు.

అరిచిన రాత్రి గురించి. ఆ అరుపు తప్పే, కాదనను, మీరు కూడా కాదనడం లేదు. కానీ ఆ వార్డులో నేను అరవని వాళ్లను కూడా చూశాను. రాకుండా ఉన్నవాళ్లు అరవరు. దూరంగా కూర్చుని టెన్షన్ లేకుండా ఉన్నవాళ్లు అరవరు. ఆ రాత్రి మీరు అరిచి, మళ్లీ లేచి, మళ్లీ తిప్పి పడుకోబెట్టి ఉంటారు. రాయలేదు గానీ నాకు తెలుసు.

ఇంకో సంగతి. మాట పోయినా ప్రార్థన వచ్చిందన్నారు కదా, అది మేం చూస్తూ ఉంటాం. మెదడు ఎడమవైపు దెబ్బ తింటే కొత్తగా మాట కూర్చుకోవడం పోతుంది. కానీ చిన్నప్పటి నుంచి వేలసార్లు పలికిన ప్రార్థనలు, పాటలు చాలామందికి మిగులుతాయి. అద్భుతం కాదంటారేమోనని కొందరు ఈ సంగతి దాచిపెడతారు. నాకు మాత్రం ఇదే పెద్ద అద్భుతం. అన్నీ పోయాక అడుగున ఏది మిగులుతుందో అమ్మగారు ఏళ్ల తరబడి తనే పేర్చుకున్నారు.


జపమాల:

అందరికీ ప్రభువు శాంతి. నేను కతోలిక సంఘానికి చెందినదాన్ని. మా దగ్గర ఈ మూడింటినీ కలిపి దైవిక సుగుణాలు అంటాం. మనం కష్టపడి అలవాటు చేసుకునేవి కావు, దేవుడే ఆత్మలో పోసేవి అని వాటి అర్థం. అందుకే "నాలో ఎంత ఉంది" అని తూచుకోవడం నాకు కొంచెం అనవసరం అనిపిస్తుంది. కొలవాల్సింది పాత్రను కాదు కదా.

చెల్లెలు రాసినదాంట్లో "నీ రాజ్యము వచ్చుగాక" దగ్గర నేను ఆగిపోయాను. పునీత అగస్టీను సుమారు 420లో సరిగ్గా ఈ మూడింటి మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. విశ్వాసం వివరించడానికి విశ్వాస సంగ్రహం, అంటే క్రైస్తవులు నమ్మేవాటిని క్లుప్తంగా చెప్పే మాటలు, తీసుకున్నాడు. నిరీక్షణ వివరించాల్సి వచ్చేసరికి పరలోక ప్రార్థన తీసుకున్నాడు. ఎందుకంటే మనం దేని కోసం ఎదురుచూస్తామో అదే అడుగుతాం. నీ రాజ్యం రావాలి, నీ చిత్తం జరగాలి, కీడు నుంచి తప్పించు: అన్నీ ఇంకా రానివాటి కోసం. దీన్నిబట్టి చూస్తే మీ అమ్మగారికి విశ్వాసం లేదన్న పెద్దమనిషి ఆ మంచం పక్కన ఒక రాత్రి ఉండాల్సింది. నీళ్లు అడగడానికి మాట లేని మనిషి రాజ్యం రమ్మని అడిగింది.

మా వేదపండితుడు తోమా అక్వినాసు నిరీక్షణకు వ్యతిరేకమైన పాపాలు రెండని చెప్పాడు. ఒకటి నిరాశ. రెండోది అతి ధీమా, అంటే దేవుడు ఇలాగే చేస్తాడు, చేసి తీరాలి అని ముందే తేల్చేసుకోవడం. మొదటిదాన్ని అందరూ గుర్తుపడతారు. రెండోది విశ్వాసం వేషంలో వస్తుంది కాబట్టి దొరకదు. చెల్లీ, నీ ఇంట్లోకి ముందు రెండోది వచ్చింది, అది పోతూ పోతూ మొదటిదాన్ని వదిలివెళ్లింది. ఆ రెండూ నిరీక్షణ కావు. అసలు నిరీక్షణ నీ దగ్గరికి ఇంకా ఇప్పుడే వస్తోందేమో.

మా సంఘం జరుపుకున్న 2025 జూబిలీ అనే పవిత్ర సంవత్సరానికి ఫ్రాన్సిస్ పోపుగారు రాసిన ప్రకటన పత్రం రోమా 5:5తో మొదలవుతుంది: ఈ నిరీక్షణ మనలను సిగ్గుపరచదు. దానికి ముందున్న మాటలు కూడా చదువు. శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందట. నేను ఎప్పుడూ నిరీక్షణ ముందుండి శ్రమలో నడిపిస్తుందనుకునేదాన్ని. పౌలు దాన్ని చివర పెట్టాడు.

ఇక ప్రేమ ఎందుకు శ్రేష్ఠం? మా వాళ్లు చెప్పేది ఇది: ముఖాముఖిగా చూసిన రోజున నమ్మాల్సిన పని ఉండదు, ఎదురుచూడాల్సిన పని ఉండదు. ప్రేమ మాత్రం ఉంటుంది. మీ అమ్మకు ఇప్పుడు విశ్వాసంతో అవసరం తీరిపోయింది.


సండే స్కూల్ మాస్టారు:

చివరి మాట దగ్గర సహోదరితో నాకు చిన్న భేదం ఉంది. "ఈ మూడును నిలుచును" అని ఉంది కదా, మూడూ అన్నాడు. ఒకటి నిలిచి రెండు పోతాయని అనలేదు. పరలోకంలో కూడా ఆయన మీద ఆనుకోవడం ఆగుతుందని నేను అనుకోను. అయితే "నిరీక్షింపబడునది కనబడునప్పుడు నిరీక్షణతో పనియుండదు" అని రోమా పత్రికలో పౌలే రాశాడు కాబట్టి సహోదరి మాటకూ ఆధారం ఉంది. ఇక్కడ దాన్ని పెంచను, ఇది ఆ అమ్మాయి ప్రశ్న.

ఒక్క మాట చేర్చాలి. 13వ అధ్యాయం పెళ్లి ప్రసంగాల్లో విని విని అది పెళ్లి పాట అనుకుంటాం. పౌలు ఎఫెసులో ఉండి దాన్ని రాసింది కొట్టుకుంటున్న సంఘానికి. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి అని చీలిపోయారు. ప్రభురాత్రి భోజనానికి వచ్చి ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు మత్తులో ఉన్నాడు. అలాంటి వాళ్లకు "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అని రాశాడు. అక్కడ వాడిన క్రియ లెక్కల పుస్తకంలో పద్దు రాసుకోవడానికి వాడేది. అమ్మా, నీ ఉత్తరంలో రెండు పద్దులు కనబడ్డాయి. ఒకటి నీ పేరు మీద, ఆ అరుపు. నీ తల్లి దాన్ని రాసుకోలేదు, చెయ్యి చాచి నీ మోచేతి మీద పెట్టింది. రెండోది మీ అన్నయ్య పేరు మీద, మూడుసార్లే వచ్చాడని. దాన్ని ఇవాళే కొట్టెయ్యమని నేననను. ఏడు నెలలు తక్కువ సమయం. అది రాసి ఉందని మాత్రం చూసుకో.


అగ్నిస్తంభం:

మాస్టారూ, 14వ వచనం నేను ఇలా ఎప్పుడూ చదవలేదు. ఆలోచించాలి. కీర్తనల్లో, సువార్తల్లో స్వస్థత వాగ్దానాలు ఉన్నాయన్నది నా నమ్మకం, అది మారలేదు. కానీ సిస్టర్, మీరు అమ్మను పోగొట్టుకున్న ఏడో నెలలో నేను మిమ్మల్ని పరీక్షించుకోమనడం సరి కాదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నారు, ఆ ఏడు రోజులే వాళ్లు బాగా చేశారు. క్షమించండి.


చిన్న కూతురు:

అందరికీ మళ్లీ వందనాలు. రెండు రోజులు జవాబు రాయలేకపోయాను.

అగ్నిస్తంభం బ్రదర్, పర్వాలేదు. ఆ పెద్దాయన కూడా మీలా ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

చెల్లీ, నువ్వు పుండ్ల గురించి అడిగినప్పుడు ఏదో లోపం పట్టుకుంటావేమోనని గుండె దడదడలాడింది. ఆ మడమ సంగతి నేను మర్చేపోయాను. అరుపు ఒక్కటే గుర్తుంది, మడమ గుర్తు లేదు. నువ్వన్నది నిజమే, ఆ రాత్రి మళ్లీ లేచాను. నాలుగింటి అలారానికి కూడా లేచాను.

జపమాల అక్కా, మీరు రాసింది చదివాక ఒకటి గుర్తొచ్చింది. అమ్మ ప్రార్థనలో అన్ని మాటలూ సమానంగా పలికేది కాదు. మొదటి రెండు మాటలకు పెదవులు కదిలేవి, గొంతు రాదు. "రాజ్యము వచ్చుగాక" దగ్గర గొంతు వచ్చేది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనేది చాలా పొడుగు, అక్కడ తడబడేది. నేను ముందుకు వెళ్లిపోతే ఒప్పుకునేది కాదు. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని లాగేది. మళ్లీ మొదటి నుంచి ఆ మాట చెప్పాల్సిందే, పూర్తయ్యేదాకా. నాకు అప్పుడు విసుగొచ్చేది. ఆ పెద్దాయన వచ్చి వెళ్లిన తరవాత కూడా రోజూ ఆ మాట పూర్తి చేసే పడుకునేది. అప్పుడు నాకు తట్టలేదు.

అన్నయ్యకు ఫోన్ చెయ్యలేదు ఇంకా. చెప్పులు ఫొటో తీసి పంపాను. మంచం పక్కన ఉన్న ఆ చెప్పులే. వాడికి ఆ సంగతి తెలియదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. చాలాసేపు ఏమీ రాయలేదు. తరవాత, "ఇన్నాళ్లూ అక్కడే ఉన్నాయా" అని అడిగాడు. ఉన్నాయన్నాను. ఈ ఆదివారం మాట్లాడదామన్నాడు. ఏం మాట్లాడాలో నాకు తెలియదు. కోపం పోలేదు.

మాస్టారూ, మీరు కనిపెట్టడం అన్నారు కదా, బైబిల్లో ఆ మాట ఎక్కడెక్కడుందో వెతికాను. 130వ కీర్తనలో దొరికింది, కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోంది అని. ఆ వచనం రెండుసార్లు అదే మాట అంటుంది. కావలివాడికి రాత్రి పొడుగ్గా ఉంటుంది కాబట్టి రెండుసార్లు అన్నాడేమో అనిపించింది.

రాత్రి అలారాలు నేనింకా తీసెయ్యలేదు. ఏడు నెలలుగా మోగుతూనే ఉన్నాయి. ఆపేసి మళ్లీ పడుకోలేక, ఖాళీ మంచం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. పన్నెండింటిదీ, నాలుగింటిదీ నిన్న తీసేశాను. రెండింటిది ఉంచాను. ఆ కీర్తన ఎనిమిది వచనాలే, చదవడానికి ఎంతోసేపు పట్టదు.